పాత కారుతో కాపురం: ఫస్ట్ పెరేడ్ నుంచి లాస్ట్ పెరేడ్ దాకా
(తేంగాయితిట్టులో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ పాసై 1986లో సైన్యంలో చేరాను. సికింద్రాబాద్ ఈ.ఎం.ఈ. సెంటర్లో రంగ్‌రూటుగా మొదలుపెట్టి, వెహికల్ మెకానిక్ ట్రేడులో పనిచేసి, 2014లో సుబేదారుగా పెన్షను మీద వచ్చేశాను. మా ఆవిడది యానాం. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలో టీచరు కావడంతో ఈ ఊరే మాకు సొంతూరు అయింది. తేంగాయితిట్టు అంటే మన తెలుగులో కొబ్బరి దిబ్బ. ఒక పక్క చేపల రేవు, మరో పక్క ఉప్పుటేరు, మడచెట్లు. మనుషులకి హాయి, ఇనుముకి గండం. ఈ సంగతి తర్వాత చెప్తాను.

"పాత కార్లు రోజూ నడుపుకునేలా ఎలా ఉంచుకోవాలి" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు అడిగారు. మన సభ్యుల్లో కొందరి దగ్గర తండ్రుల నాటి ఫియట్లు, అంబాసిడర్లు, జీపులు ఉన్నాయి. మరి కొందరు రిటైరయ్యాక కొందామని చూస్తున్నారు. వాళ్ళందరికీ పనికొచ్చేలా, నాకు చేతనైనంతలో నాలుగు మాటలు చెప్తాను.

ముందుగా 'వింటేజ్' అనే మాట. ప్రపంచంలో పాత కార్ల వాళ్ళు సాధారణంగా 1919 నుంచి 1930 దాకా తయారైన వాటినే వింటేజ్ అంటారు. మన ప్రభుత్వం మాత్రం 2021 జూలైలో ఇచ్చిన నిబంధనల్లో, మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని టూవీలరు, ఫోర్‌వీలరు వాహనాలని వింటేజ్ అంది. వాటికి వి.ఎ. అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. ఆ వి.ఎ. నంబరు తీసుకుంటే కారుని రోజువారీ అవసరాలకి రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్ళొచ్చు. అంతే. మార్కెట్టుకి, క్యాంటీనుకి, ఆసుపత్రికి వెళ్ళడానికి ఆ నంబరు పనికిరాదు. అందుకని రోజూ నడపాలనుకునే వాళ్ళు మామూలు రిజిస్ట్రేషనునే ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. నాది 1972 అంబాసిడర్ మార్క్ 2. దానికి 50 ఏళ్ళు నిండిన 2022లో "వి.ఎ. నంబరు తీసుకోండి సార్, గొప్పగా ఉంటుంది" అని చాలామంది అన్నారు. నేను 5,000 కట్టి మామూలు రెన్యువలే చేయించుకున్నాను. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజుని 10,000 చేశారు. పన్నులు దాని మీద అదనం. 2027లో నాకు ఆ ఖర్చు తప్పదు. నా కారు బొమ్మ కాదు, పనిమనిషి. దానికి గొప్ప నంబరు అక్కర్లేదు, రోడ్డు మీద తిరిగే హక్కు కావాలి.

పదిహేనేళ్ళు దాటితే సొంత కారుని తుక్కు కింద ఇచ్చెయ్యాల్సిందే అని కొందరు భయపెడుతుంటారు. మన ప్రాంతంలో అది నిజం కాదు. ఢిల్లీ సంగతి వేరు. ఇక్కడ కారు పరీక్షలో పాసై, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు సరిగ్గా ఉంటే నడుపుకోవచ్చు. ఇన్సూరెన్సులో ఒక మాట గుర్తుంచుకోండి. ఐదేళ్ళు దాటిన కారు విలువని కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించాలి. ఫోటోలు, బిల్లులు ఫైల్లో పెట్టుకుని వెళ్ళి మాట్లాడండి.

ఇక అసలు విషయం. ఇంత పాత కారు ఎందుకయ్యా అని మీరడగొచ్చు. మా అమ్మకి ఎనభై రెండేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కొత్త కార్లలో కిందకి కూలబడి, మళ్ళీ పైకి లేవాలి. అంబాసిడర్ వెనక సీటు కుర్చీలా ఎత్తుగా ఉంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆవిడ తనంతట తనే ఎక్కి కూర్చుంటుంది. ఎవరి చెయ్యీ పట్టుకోవాల్సిన పని లేకుండా ఎక్కడం ఆవిడకెంత గౌరవమో ఆవిడ మొహం చూస్తే తెలుస్తుంది. కాబట్టి రాత్రి రెండు గంటలకి ఆయాసం వచ్చి ఆసుపత్రికి బయల్దేరాల్సి వచ్చినా, ఆ కారు ఒక్క సెల్ఫుకి స్టార్టు కావాలి, బ్రేకు వేస్తే ఆగాలి. నాకు మెయింటెనెన్సు అంటే అర్థం అదే. మెరుపు, పాలిషు తర్వాతి సంగతి.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం కోసం ఆర్డరిచ్చిన కారు. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. కానీ అది సింహాసనం లాంటి కారు, తిరిగింది చాలా తక్కువ. దాని బాగోగులు వేరు, మనవి వేరు. నిలబెట్టిన కారుకి శత్రువులు తుప్పు, ఎండిపోయే రబ్బరు, పాడయ్యే పెట్రోలు. తిరిగే కారుకి శత్రువు అరుగుదల. రెండోది సులువైన శత్రువు, ఎందుకంటే అది ముందే శబ్దం చేసి చెప్తుంది.

సైన్యంలో మన ఎం.టి. వాళ్ళందరికీ తెలిసిన మూడు మాటలున్నాయి. ఫస్ట్ పెరేడ్, హాల్ట్ పెరేడ్, లాస్ట్ పెరేడ్. శక్తిమాన్ అయినా జోంగా అయినా, ఆ మూడూ చెయ్యకుండా గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. రిటైరయ్యాక మనం పొద్దున్నే లేవడం మానలేదు గానీ, ఈ మూడూ మానేశాం. పాత కారుకి ఇంతకు మించిన మందు లేదు.

ఫస్ట్ పెరేడ్ అంటే స్టార్టు చేసే ముందు పది నిమిషాలు. కారు కింద నేల చూడండి. చుక్కలు పడ్డాయా? నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, పల్చగా నీళ్ళలా ఉంటే రేడియేటర్, చక్రం లోపలి వైపు తడిగా ఉంటే బ్రేకు ఆయిల్. మూడోది కనిపిస్తే ఆ రోజు కారు కదలకూడదు. డిప్‌స్టిక్, నీళ్ళు, ఫ్యాన్ బెల్టు, బ్రేకు ఆయిల్ మట్టం చూడండి. టైర్ల గాలి, లైట్లు, హారను చూడండి. ఆఖర్న బ్రేకు పెడలు గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడలు నెమ్మదిగా కిందకి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్లో రబ్బరు పోయినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు.

బ్రేకుల గురించి ఇంకాస్త చెప్పాలి. కొత్త కార్లలో బ్రేకులకి రెండు లైన్లు ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి పట్టుకుంటుంది. నా అంబాసిడర్ లాంటి పాత కార్లలో ఒకటే లైను. ఒక్క చక్రం దగ్గర కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అప్పుడు మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. కాబట్టి హ్యాండ్ బ్రేకు పార్కింగ్ కోసమే అనుకోకండి, అది మీ రిజర్వు దళం. నెలకోసారి ఖాళీ రోడ్డులో నెమ్మదిగా పోతూ దాంతో ఆపి చూడండి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన ఉప్పుటేరు పక్కన ఇంకా ఎక్కువ. తేమ చేరిన ఆయిల్ వేడెక్కితే బుడగలు వచ్చి పెడలు మెత్తబడుతుంది, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. రెండేళ్ళకోసారి మొత్తం మార్చెయ్యండి. రబ్బరు కప్పుల్లో నకిలీవి చాలా ఉన్నాయి. ఒక షాపులో కొన్న వీల్ సిలిండర్ కప్పులు మూడు నెలలకే ఉబ్బి, చక్రం పట్టేసింది. అప్పట్నుంచి కొత్త కప్పుని ముందు ఒక గ్లాసు బ్రేకు ఆయిల్లో వారం రోజులు నానబెట్టి, ఉబ్బిందో లేదో చూశాకే వేస్తాను. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పినప్పుడు ఆ దుమ్ముని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

హాల్ట్ పెరేడ్ దూర ప్రయాణాల్లో చెయ్యాలి. చెన్నైకి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఇక్కణ్ణించి సుమారు 150 కిలోమీటర్లు. నేను మధ్యలో రెండుసార్లు ఆపుతాను. దిగగానే నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తాను. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు, లేదా బేరింగు పోతున్నట్టు. ఇది తెలుసుకోడానికి కంప్యూటర్ అక్కర్లేదు, అరచెయ్యి చాలు. మీ బ్రేకులు ముందున్న కొత్త కారు బ్రేకుల్లా పట్టవని గుర్తుపెట్టుకుని దూరం పాటించండి. ఆ ఖాళీలోకి ఇంకెవడో దూరుతాడు. దూరనివ్వండి. మళ్ళీ వెనక్కి తగ్గండి.

లాస్ట్ పెరేడ్ అంటే ఇంటికొచ్చాక ఇంజన్ వేడిగా ఉండగానే చేసేది. వింత శబ్దం ఏదైనా వచ్చిందా, ఎంత పెట్రోలు తాగింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగాం, అన్నీ లాగ్ బుక్కులో రాసుకోవాలి. నాకు 200 పేజీల నోటు పుస్తకాలు నాలుగున్నాయి. మొన్న ఒక శబ్దం వస్తే, 2019లో అదే శబ్దానికి ఏం చేశానో పుస్తకమే చెప్పింది. జ్ఞాపకశక్తిని నమ్ముకోకండి, అది కూడా మనతోపాటే రిటైరయింది.

ఇక టాస్కుల సంగతి. నేను ఇంజన్ ఆయిల్ 4,000 కిలోమీటర్లకి గానీ ఆరు నెలలకి గానీ, ఏది ముందొస్తే దానికి మారుస్తాను. 1489 సీసీ అంబాసిడర్ పెట్రోల్ ఇంజనుకి పాయింట్ల గ్యాపు 15 థౌ, టాపెట్లకీ 15 థౌ, ప్లగ్గుకి 25 థౌ. ఫీలర్ గేజ్ ఒకటి కొనుక్కోండి, పిల్లలకి కూడా నేర్పండి. ముందు చక్రాల దగ్గరున్న గ్రీజు నిపుల్సు ఒక్కటి కూడా వదలకండి. అయితే అన్ని కార్లకీ గ్రీజే అనుకుంటే ప్రమాదం. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్ళు, ముందు చక్రాల కింది ట్రనియన్లకి గ్రీజు కాదు, 90 నంబరు గేరాయిల్ ఎక్కించాలి. గ్రీజు ఎక్కిస్తే లోపలి మర తుప్పు పట్టి, ఒకరోజు చక్రం పక్కకి విరిగి పడుతుంది. టైర్లు అరగలేదు కదా అని పదేళ్ళు వాడకండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. రబ్బరు నిలబడ్డా ముసలిదవుతుంది.

పెట్రోలు మారింది, కార్లు మారలేదు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత ఇంజన్లలో వాల్వు సీట్లకి ఆ సీసమే రక్షణ. హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బెంగ తీరిపోతుంది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023లో మొదలుపెట్టి, 2025కల్లా దాదాపు అన్ని బంకుల్లోనూ అదే. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, పంపులో డయాఫ్రమ్‌ని మెత్తబరుస్తుంది, నీళ్ళని పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున మురికిని కదిలిస్తుంది. కొత్త కారులో కంప్యూటర్ మిశ్రమాన్ని సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, ఇంజన్ వేడెక్కి, పికప్ తగ్గుతుంది. చెయ్యాల్సింది ఏమిటంటే: పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి, ట్యాంకు విప్పి కడిగించండి, కార్బురేటర్‌లో జెట్టు గానీ సర్దుబాటు గానీ కొంచెం రిచ్‌గా పెట్టించండి. నెలల తరబడి పెట్రోలు ట్యాంకులో నిలవ ఉంచకండి. పాత పైపు చిట్లి పెట్రోలు వేడి ఇంజను మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కారులో మంటలార్పే సిలిండరు, బ్యాటరీని విడదీసే స్విచ్చి తప్పకుండా ఉండాలి. ముందు సీట్లకి బెల్టులు లేకపోతే, అడుగున ఇనుప పట్టీ వేసి గట్టిగా బిగించి పెట్టించండి.

ఉప్పుగాలి గురించి చెప్తానన్నాను. మా రేవు గాలికి ఇంటి కిటికీ ఊచలే నిలవడం లేదు. నేను వారానికోసారి మంచినీళ్ళతో కారు అడుగు భాగం కడుగుతాను. తలుపుల కింద నీళ్ళు కారిపోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపలినుంచి కుళ్ళుతుంది. పుల్లతో పొడిచి తెరవండి. ప్లాస్టిక్ కవరు కప్పకండి, తేమ లోపలే ఉండిపోతుంది. గుడ్డ కవరు మేలు. కొందరు అడుగున కాల్చిన ఇంజన్ ఆయిల్ చల్లిస్తారు. ఇనుముకి మంచిదే గానీ రబ్బరు బుష్షుల మీద పడితే వాటిని తినేస్తుంది.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. 24 గంటల్లో 46 సెంటీమీటర్లకి పైగా వాన. కృష్ణానగర్‌లో చిక్కుకున్న జనాన్ని తియ్యడానికి చెన్నై నుంచి మన సైన్యమే రావాల్సి వచ్చింది. మా వీధిలో నీళ్ళు కారు సీటు దాకా వచ్చాయి. నీళ్ళు తగ్గిన మూడో రోజు పాతసామాన్ల వాడొచ్చి 28,000 ఇస్తానన్నాడు. మా అబ్బాయి ఫోన్లో "వదిలెయ్యి నాన్నా, నానమ్మకి క్యాబ్ బుక్ చేద్దాం" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఆ వాన రోజు ఒక్క క్యాబూ రాలేదన్నది కూడా నిజమే. నేను ఒక పూట టైము అడిగాను. స్క్రూడ్రైవర్ తీసుకుని కారు కిందకి దూరి, అడుగు భాగం, జాకీ పెట్టే చోట్లు, స్ప్రింగులు బిగించే చోట్లు పొడిచి చూశాను. ఇనుము గట్టిగా ఉంటే బాగు చెయ్యాలి, స్క్రూడ్రైవర్ దిగబడితే అమ్మెయ్యాలి. ఇదీ నేను పెట్టుకున్న నిబంధన. రెండు చోట్ల తప్ప ఎక్కడా దిగలేదు.

వరదలో మునిగిన కారుకి మొదటి సూత్రం: స్టార్టు చెయ్యకండి. సెల్ఫు కూడా తిప్పకండి. బ్యాటరీ వైరు తీసెయ్యండి. ఉప్పునీరు కలిసి ఉంటే ముందు మంచినీళ్ళతో బాగా కడగండి. ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూడింట్లోనూ ఆయిల్ దించండి. పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్ళు దూరినట్టే. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, హ్యాండిల్‌తో చేత్తో తిప్పండి. పెట్రోలు ట్యాంకు ఖాళీ చెయ్యండి. డైనమో, సెల్ఫు మోటారు విప్పి ఆరబెట్టండి. చక్రాల బేరింగులు కడిగి కొత్త గ్రీజు, బ్రేకులకి కొత్త ఆయిల్. సీట్లు, తివాచీ బయట ఎండలో. కొత్త ఆయిల్ పోసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ మార్చండి. నాకు ఇరవై రెండు రోజులు, 41,000 రూపాయలు పట్టింది. కూలి నాదే కాబట్టి అంతతో సరిపోయింది. సంక్రాంతి తర్వాత మా అమ్మ మళ్ళీ తనంతట తనే ఎక్కి కూర్చుంది.

సామాన్ల గురించి. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఫియట్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా వాటి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, వెతికే ఓపిక కావాలి. చెన్నైలో కొత్త సామాన్లకి జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సామాన్లకి పుదుప్పేట, సికింద్రాబాద్‌లో రాణీగంజ్. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళండి, నోటితో చెప్తే వేరేది అంటగడతారు. వీల్ సిలిండర్ కప్పులు, ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సరు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ ఎప్పుడూ ఒక జత ఇంట్లో ఉంచుకోండి.

కొనాలనుకునే వాళ్ళకి ఒక విన్నపం. మనకి తెలిసిన ఒక హవల్దారు గారు రిటైర్మెంటు డబ్బులో పెద్ద భాగం పెట్టి, పైన రంగు చూసి ఒక పాత కారు కొన్నారు. అడుగు భాగం అంతా పుట్టీ మీద నిలబడి ఉంది. సగం రిపేరులో డబ్బు అయిపోయి, కూతురి పెళ్ళి దగ్గరపడి, వచ్చిన కాడికి అమ్మేశారు. కాబట్టి కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. కారు ఖరీదుకి సమానమైన డబ్బు రిపేరుకి పక్కన పెట్టగలనా? వారానికి నాలుగు గంటలు నా చేత్తో పనిచెయ్యగలనా? కారు నెల రోజులు షెడ్డులో ఉంటే ఇల్లు గడుస్తుందా? మూడింటికీ అవును అనగలిగితేనే కొనండి. ఒక్కదానికి కాదన్నా, ర్యాలీలో నిలబడి చూసి ఆనందించండి. అందులో తప్పేమీ లేదు.

చివరిగా ఒక ప్రతిపాదన. పాయింట్లు సెట్ చేసేవాళ్ళు, కార్బురేటర్ విప్పేవాళ్ళు బయట మెకానిక్కుల్లో తగ్గిపోతున్నారు. కుర్రాళ్ళకి స్కానరు పెడితేనే రోగం తెలుస్తుంది. ఆ పాత విద్య ఇంకా మన ఈ.ఎం.ఈ., ఏ.ఎస్.సి., ఎయిర్‌ఫోర్సు ఎం.టి. వాళ్ళ చేతుల్లో ఉంది. మన చేతులు వణకడం మొదలుపెట్టే లోపు దాన్ని ఎవరికైనా అప్పజెప్పాలి. నెలలో రెండో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా ఇంటి ముందు షెడ్డు తెరిచి ఉంటుంది. మీ కారు తీసుకురండి, కారు లేకపోతే మీ అబ్బాయిని, అమ్మాయిని తీసుకురండి. పనిముట్లు నావి, టీ మా ఆవిడది. చేతులకి మసి అంటుకోవడం ఒక్కటే మీరు పెట్టాల్సిన ఖర్చు.

 ఇంటికెళ్ళే ముందు బయట పార్కింగులో మీ కారు బ్రేకు పెడలు ఒక నిమిషం తొక్కి పట్టుకుని చూడండి. కొత్త కారైనా సరే.

జై హింద్.